ఇంట్లో దాచిన జబ్బు: లూపస్ నిర్ధారణలో కుటుంబ చరిత్ర

2012వ సంవత్సరం మాఘమాసంలో ఒక తల్లి తన పెద్ద కుమార్తెను వెంటబెట్టుకొని నా వైద్యశాలకు వచ్చింది. అమ్మాయికి ఇరవై ఏళ్లు. డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నది. ఉదయం నిద్ర లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి జడ వేసుకోవడం కూడా కష్టమవుతున్నదనీ, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతున్నదనీ, దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా వస్తున్నదనీ చెప్పింది. రెండు బుగ్గల మీదా, ముక్కు దూలం మీదా నల్లని చాయ కమ్మి ఉన్నది. "మంగు వచ్చిందండీ. మా వాళ్లకు పెళ్లయ్యాక వస్తుంది. దీనికి ముందే వచ్చింది" అన్నది తల్లి.

ఆ చాయ ఎప్పటి నుండి ఉన్నదని అడిగాను. కార్తీకమాసంలో కాలేజీ వారు సూర్యలంకకు వనభోజనాలకు తీసుకువెళ్లారట. సముద్రపు ఒడ్డున ఎండలో రోజంతా గడిపి వచ్చిన మరునాటి నుండి ముఖం మండిందట. ఆ మాట నేను విన్నాను. విని, వదిలివేశాను.

"మీ కుటుంబంలో ఎవరికైనా కీళ్ల జబ్బు గాని, ఇటువంటి మచ్చలు గాని ఉన్నాయా?" అని కూడా అడిగాను. ప్రశ్న పూర్తి కాకముందే సమాధానం వచ్చింది. "మా వంశంలో ఇటువంటివి లేవండీ."

ఆమవాతమని నిశ్చయించి మహారాస్నాది కషాయం, రాత్రి వేళ శొంఠి కషాయంలో ఆముదం, మర్దనకు మహానారాయణ తైలం ఇచ్చాను. ముఖానికి మంజిష్ఠ, ఎర్రచందనం లేపనం చెప్పాను. నొప్పులు కొంత తగ్గినట్లే తగ్గి మళ్లీ వచ్చాయి. రెండు నెలలు గడిచాయి.

ఉగాది తరువాత ఒక రోజు ఆ అమ్మాయితో తల్లే కాక అమ్మమ్మ కూడా వచ్చింది. మనుమరాలి ముఖం కేసి చూస్తూ ఆ పెద్దావిడ, "డాక్టరు గారూ, మా చిన్నపిల్లకు కూడా ఇట్లాగే ముఖం నల్లబడింది. ఇట్లాగే వేళ్లు వాచాయి" అన్నది. "అమ్మా, నువ్వూరుకో" అన్నది కూతురు. ముసలావిడ ఊరుకోలేదు. చిన్న కూతురు 1988లో ఇరవై ఏడవ ఏట చనిపోయిందని చెప్పింది. కిడ్నీలు చెడిపోయి పోయిందని చుట్టాలందరికీ తెలుసు. కిడ్నీలు ఎందుకు చెడిపోయాయో మాత్రం ఎవరికీ తెలియదు. అప్పుడు ఇంట్లో మరొక కూతురికి సంబంధాలు చూస్తున్నారు. అందుచేత అసలు జబ్బు పేరు బయటకు రానివ్వలేదు. ఇరవై నాలుగేళ్లలో ఆ పేరు ఇంట్లోవాళ్లు కూడా మరచిపోయారు.

మరునాడు ట్రంకు పెట్టె అడుగు నుండి పాత ఆసుపత్రి కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. చివరి కాగితం మీద మూడు అక్షరాలు ఉన్నాయి. ఎస్.ఎల్.ఇ. అంటే సిస్టమిక్ లూపస్ ఎరితిమటోసస్. ఆ రోజే మూత్ర పరీక్ష చేయించాను. ప్రోటీను పోతున్నది.

ఆ రెండు నెలల కాలయాపనలో తల్లి పాలు కొంత ఉన్నది. నా పాలు అంతకంటె ఎక్కువ.

ఈ వ్యాధి ఎందుకు దొరకదు?

లూపస్ అనే లాటిన్ మాటకు తోడేలు అని అర్థం. చర్మం మీద ఏర్పడే గాయాలు తోడేలు కొరికినట్లున్నాయని పూర్వకాలపు పాశ్చాత్య వైద్యులు ఆ పేరు పెట్టారు. శరీరాన్ని రక్షించవలసిన రోగనిరోధక వ్యవస్థ పొరబడి స్వంత కణాల మీదనే దాడి చేయడం ఇందులోని మూలకారణం. అంటువ్యాధి కాదు. రోగులలో పదింట తొమ్మిదిమంది స్త్రీలే. అందులోనూ పదిహేను నుండి నలభై అయిదు ఏళ్ల లోపువారే అధికం.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఈ వ్యాధి ఒకే అవయవానికి పరిమితం కాదు, అన్ని లక్షణాలూ ఒకేసారి చూపించదు. ఒక ఏడాది కీళ్ల నొప్పులు. మరుసటి ఏడాది ఊపిరి తీసుకుంటే ఛాతీలో పోటు. ఆ పైన జ్వరం, లేదా రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గడం, లేదా వరుసగా గర్భస్రావాలు. కీళ్లకు ఒక వైద్యుడు, చర్మానికి మరొకరు, కాన్పుల కష్టానికి ఇంకొకరు. ఎవరి ముక్క వారి దగ్గర ఉంటుంది, బొమ్మ మాత్రం పూర్తి కాదు. మన ప్రాంతంలో 2006లో చికున్‌గున్యా ప్రబలినప్పటి నుండి ప్రతి కీళ్ల నొప్పినీ దాని ఖాతాలో వేసే అలవాటు కూడా వచ్చింది. నిజానికి చికున్‌గున్యా వలన నొప్పులు నెలల తరబడి ఉండగలవు. కాని వాటితోపాటు నోటిపూత, జుట్టు రాలడం, ఎండకు ముఖం మండడం ఉంటే మరొక మారు ఆలోచించాలి.

మంగు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువగా మోసపోయేది అక్కడే. పాశ్చాత్య గ్రంథాలలో లూపస్ మచ్చను ఎర్రని సీతాకోకచిలుక రెక్కలతో పోలుస్తారు. ఆ బొమ్మ చూసి మన చామనచాయ ముఖాల మీద ఎరుపు కోసం వెదికితే కనిపించదు. మన చర్మం మీద అది నలుపుగానో, ఊదా కలిసిన గోధుమ రంగుగానో ఉంటుంది. మంగు మచ్చ చదునుగా ఉంటుంది, మండదు, నుదుటి మీదా పై పెదవి మీదా కూడా రావచ్చు. లూపస్ మచ్చ ఎండకు వెళ్లివచ్చిన తరువాత రేగుతుంది, కొంచెం ఉబ్బుగా, వెచ్చగా, మంటగా ఉండవచ్చు. ముక్కు పక్క నుండి పెదవి మూలకు దిగే ముడతలను సాధారణంగా వదలివేస్తుంది. ఎండకు మంగు కూడా నల్లబడుతుంది కనుక ఇంట్లో అద్దం ముందు తేల్చుకోగల విషయం కాదిది. ఒళ్లు నొప్పులు లేని మంగుకు లేపనాలు వేసుకోవచ్చు. నొప్పులూ జ్వరమూ తోడైన మంగుకు మాత్రం రక్త, మూత్ర పరీక్షలు కావాలి.

ఆయుర్వేదం మాటేమిటని పాఠకులు అడగవచ్చు. ఆమవాతాన్ని మాధవకరుడు వర్ణించాడు. వాతరక్తానికి చరకుడు చికిత్సాస్థానంలో ఒక అధ్యాయమే కేటాయించాడు. లూపస్ లక్షణాలు కొన్ని వీటిలో కనిపిస్తాయి. అంతమాత్రాన లూపస్ అంటే వాతరక్తమే అని సమీకరణం వేయడం తొందరపాటు. సుశ్రుతుడు సూత్రస్థానంలో వ్యాధులను విభజిస్తూ శుక్రశోణిత దోషం వలన వచ్చేవాటిని ఆదిబల ప్రవృత్తాలని పేర్కొని, వాటిలో తల్లి వైపు నుండి వచ్చేవి, తండ్రి వైపు నుండి వచ్చేవి అని రెండు తెగలు చూపాడు. వంశాన్ని గురించి అడగవలసిన బాధ్యత మా శాస్త్రంలోనే ఉన్నదన్నమాట. దర్శన స్పర్శన ప్రశ్నలు అని మేము వల్లించే మూడింటిలో మూడవది ఒక్కసారి అడిగి ఊరుకునేది కాదని ఆ అమ్మమ్మ నాకు నేర్పింది.

ఒక రచయిత్రి విషయంలో జరిగినది

ఇంటి జబ్బును దాచడం మన దేశపు దురలవాటు మాత్రమే అనుకోనవసరం లేదు. ఫ్లానరీ ఓకానర్ అమెరికాలో పేరుపొందిన కథారచయిత్రి. జార్జియా రాష్ట్రంలో 1925లో జన్మించింది. ఆమె తండ్రి లూపస్‌తో 1941లో మరణించాడు. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. 1950 డిసెంబరులో ఇరవై అయిదవ ఏట ఆమెకు చేతులు బరువెక్కి, కీళ్లు నొప్పులు పుట్టాయి. క్రిస్మస్‌కు రైలులో ఇల్లు చేరేసరికి తీవ్రంగా జబ్బుపడింది. మొదట కీళ్లవాతమనుకున్నారు. కొద్ది వారాలలోనే అట్లాంటా వైద్యులు లూపస్ అని తేల్చారు. లూపస్ రోగుల ఎముక మజ్జలో కనిపించే ప్రత్యేక కణాన్ని హార్‌గ్రేవ్స్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ప్రకటించి అప్పటికి సుమారు మూడేళ్లే అయింది.

అయితే ఆ నిజం తల్లికే తెలిసింది. తండ్రిని మింగిన జబ్బు పేరు వింటే కూతురు తట్టుకోలేదని తల్లి చెప్పలేదు. కూతురు తనకు కీళ్లవాతమనుకుంటూ ఏడాదికి పైగా గడిపింది. 1952 వేసవిలో ఒక స్నేహితురాలు నోరు విప్పిన తరువాతనే ఆమెకు తెలిసింది. తెలిసిన తరువాత మరో పన్నెండేళ్లు బ్రతికింది, నెమళ్లను పెంచింది, ఆమెకు పేరు తెచ్చిన కథలలో అనేకం ఆ కాలంలోనే వ్రాసింది. 1964 ఆగస్టు 3న ముప్పై తొమ్మిదవ ఏట మరణించింది. ఆ తల్లి ప్రేమను నేను శంకించడం లేదు. కాని జబ్బు ఎవరిదో వారికే తెలియకపోవడం ఎంత విపరీతం!

వంశంలో ఉంటే మనకూ వస్తుందా?

ఈ ప్రశ్నకు భయపెట్టే సమాధానం ఒకటి, ఊరడించే సమాధానం ఒకటి ఉన్నాయి. రెండూ నిజమే. తైవాన్ దేశంలో జనాభా మొత్తాన్ని పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానంలో ఎవరికైనా లూపస్ ఉంటే, మిగతా జనంతో పోల్చినప్పుడు ఆ వ్యక్తికి అది వచ్చే అవకాశం సుమారు పదిహేడు రెట్లు. వినగానే గుండె జారుతుంది. కాని దేనికి పదిహేడు రెట్లు? ఢిల్లీ పరిసరాలలో జరిగి 1993లో వెలువడిన సర్వేలో లక్షమందికి ముగ్గురు రోగులు కనిపించారు. ఇటువంటి సర్వేలో కొందరు తప్పిపోయి ఉంటారనుకొని ఆ సంఖ్యను కొన్ని రెట్లు పెంచినా, పదిహేడుతో హెచ్చవేసినా, రోగి దగ్గరి బంధువులలో అత్యధికులు ఈ జబ్బు లేకుండానే జీవిస్తారని తేలుతుంది. ఒకే పిండం నుండి పుట్టిన కవలలలో ఒకరికి లూపస్ ఉన్నా రెండవవారికి తప్పక రావాలని లేదు. జన్యువులు నేలను సిద్ధం చేస్తాయి. ఎండ, కొన్ని అంటురోగాలు, హార్మోనులు, కొన్ని మందులు, ఇంకా మనకు అంతుపట్టనివి విత్తనాలు వేస్తాయి. ఒకే జన్యువు లోపం వలన పసితనంలోనే లూపస్ వచ్చే అరుదైన రకాలు ఉన్నాయి. అవి మేనరికాలున్న కుటుంబాలలో ఎక్కువగా కనిపిస్తాయి. ఆరేడేళ్ల పిల్లకు ఈ లక్షణాలు వస్తే ఆ వివరం కూడా వైద్యునికి చెప్పాలి.

కుటుంబ చరిత్ర అంటే లూపస్ పేరు ఒక్కటే కాదు. థైరాయిడ్ జబ్బు, రుమటాయిడ్ కీళ్లవాతం, బొల్లి, పదే పదే గర్భస్రావాలు, చిన్న వయసులో కిడ్నీలు చెడిపోవడం, చిన్న వయసులో పక్షవాతం, ఇవన్నీ చెప్పవలసినవే. ఇంకొకటి ఉన్నది. పూర్వం గర్భిణులకు చేసే వి.డి.ఆర్.ఎల్. పరీక్ష కొందరు లూపస్ స్త్రీలలో సుఖరోగం లేకపోయినా ఉన్నట్లు చూపిస్తుంది. ఆ కాగితం చూసి ఎన్ని కాపురాలలో కలతలు రేగి ఉంటాయో! మీ ఇంట్లో ఏ అమ్మమ్మకో అటువంటి అపనింద పడి ఉంటే, దాని వెనుక ఈ వ్యాధి ఉండి ఉండవచ్చు.

ఏ పరీక్షలు, ఏ క్రమంలో

ఎ.ఎన్.ఎ. అనే రక్త పరీక్ష పేరు ఇప్పుడు చాలామందికి తెలుసు. దాన్ని అర్థం చేసుకోవడంలో పొరబాట్లు కూడా అంత ఎక్కువే. లూపస్ రోగులలో దాదాపు అందరికీ ఇది పాజిటివ్‌గా వస్తుంది. కనుక సరైన పద్ధతిలో చేసిన పరీక్ష నెగటివ్‌గా వస్తే లూపస్ కాకపోవడానికే ఎక్కువ అవకాశం. కాని పాజిటివ్ అయినవారందరూ లూపస్ రోగులు కారు. 1997లో ప్రచురించిన ఒక పరిశీలనలో ఆరోగ్యవంతులలోనే నూటికి 13 మందికి 1:80 పలుచన వద్ద, 5 గురికి 1:160 వద్ద పాజిటివ్‌గా వచ్చింది. లూపస్ రోగుల బంధువులలో ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. 2019లో ఐరోపా, అమెరికా రుమటాలజీ సంఘాలు రూపొందించిన కొలమానంలో కూడా ఎ.ఎన్.ఎ. ప్రవేశద్వారం మాత్రమే. లోపలికి వెళ్లిన తరువాత జ్వరం, చర్మం, కీళ్లు, రక్తకణాలు, మూత్రపిండాలు మొదలైనవాటికి విడివిడిగా పాయింట్లు కూడి కనీసం పదికి చేరాలి. అదీ పరిశోధనల కోసం ఏర్పరచిన కొలమానమే; తుది నిర్ణయం వైద్యునిదే.

కనుక లక్షణాలు ఉన్నవారు మొదట చేయించవలసినవి అతి సామాన్యమైన పరీక్షలు: రక్తకణాల పూర్తి లెక్క, ఇ.ఎస్.ఆర్., క్రియాటినిన్, అన్నిటికంటె ముఖ్యంగా మూత్ర పరీక్ష. మూత్రపిండాలకు లూపస్ సోకినప్పుడు సాధారణంగా నొప్పి ఉండదు. మూత్రంలో నురగ, ఉదయం కళ్ల క్రింద ఉబ్బు, సాయంత్రం చీలమండల దగ్గర వాపు కనిపించేసరికి ఆలస్యమై ఉండవచ్చు. ఖరీదైన పరీక్షలకు ఎగబడి, చౌకైన మూత్ర పరీక్షను మరచిపోయినవారిని నేను ఎరుగుదును. అనుమానం బలపడితే రుమటాలజీ నిపుణుడు డబుల్ స్ట్రాండెడ్ డి.ఎన్.ఎ. యాంటీబాడీలు, స్మిత్ యాంటీబాడీలు, సి3, సి4, గర్భస్రావాలున్నవారికి ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు చూస్తారు. మూత్రంలో ప్రోటీను పోతుంటే మూత్రపిండం నుండి చిన్న ముక్క తీసి పరీక్షించవలసి రావచ్చు. హైదరాబాదు నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉన్నది. ఇప్పుడు జిల్లా పట్టణాలలో కూడా ఈ నిపుణులు కనిపిస్తున్నారు.

వెళ్లేటప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకువెళ్లండి. ఏ నెలలో ఏ బాధ, ఎన్ని రోజులు, ఎండకు వెళ్లిన తరువాతనా, నోటిపూత అంగిట్లోనా, నొప్పి ఉన్నదా (లూపస్ పూత తరచు నొప్పి లేకుండా ఉంటుంది), ఏ మందులు వాడారు అన్నది తేదీలతో వ్రాయండి. క్షయకు వాడే ఐసోనియజిడ్, రక్తపోటుకు వాడే హైడ్రలజిన్ వంటి మందులు కూడా లూపస్‌ను పోలిన జబ్బు తెచ్చిపెట్టగలవు. మచ్చ రేగినప్పుడే ఫోటో తీసి ఉంచుకోండి. వైద్యుని దగ్గరకు వెళ్లిన రోజున అది తగ్గిపోవడం ఈ వ్యాధికి పరిపాటి. పుస్తకం మొదటి పేజీలో తల్లి వైపు, తండ్రి వైపు మూడు తరాల జబ్బులు వ్రాయండి. పెద్దవాళ్లను అడిగి వ్రాయండి, వాళ్లు ఉండగానే.

ఇంటి వైద్యం ఎంతవరకు?

ఉదయపు బిగువుకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన, వేడినీటి కాపడం హాయినిస్తాయి. ఎండ వేళ గొడుగు, పొడుగు చేతుల రవిక, తలమీద కొంగు ఔషధంతో సమానం. మూత్రపిండాలకు జబ్బు చేరినవారు, స్టెరాయిడ్లు వాడేవారు ఉప్పు తగ్గించాలి. ఆవకాయకు, అప్పడాలకు సెలవు ఇవ్వక తప్పదు.

ఈ పత్రికలో తరచు మెచ్చుకునే కొన్ని ఔషధాలను లూపస్ రోగులు స్వయంగా వాడకూడదని చెప్పడం నాకు కొంచెం ఇబ్బందే. అయినా చెప్పాలి. రోగనిరోధక శక్తిని పెంచే తిప్పతీగ, అశ్వగంధ వంటివి, ఆ శక్తే దారితప్పిన జబ్బులో మేలు చేస్తాయని అనుకోలేము. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కొన్ని ఉదంతాలను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. వివాదం తేలేదాకా లూపస్ రోగి దానికి దూరంగా ఉండడమే క్షేమం. అతిమధురం ఎక్కువైతే రక్తపోటు పెరిగి పొటాషియం తగ్గుతుంది; స్టెరాయిడ్లతో కలిస్తే మరీ ప్రమాదం. ఆల్ఫాల్ఫా గింజలు, మొలకలు, మాత్రలు లూపస్‌ను రెచ్చగొట్టగలవు. మూత్రపిండాలకు జబ్బు ఉన్నవారు లోహ భస్మాలు తాకనే వద్దు. కీళ్ల నొప్పులకు పేరులేని పొట్లాలలో అమ్మే చూర్ణాలలో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు అనేకం. అవి నొప్పిని మాయం చేసి జబ్బును కప్పిపుచ్చుతాయి. వైద్యుడు ఇచ్చిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానివేయడం కూడా ప్రాణాంతకం కావచ్చు.

తరువాత సంగతి

ఆ అమ్మాయిని హైదరాబాదు పంపించాను. మూత్రపిండం ముక్క పరీక్షతో లూపస్ నిర్ధారణ అయింది. స్టెరాయిడ్లు, రోగనిరోధక వ్యవస్థను అదుపు చేసే మందులు, హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదలుపెట్టారు. చివరిది మలేరియాకు వాడిన మందుల కోవకు చెందినది. కంటి పరీక్షలు చేయించుకుంటూ ఏళ్ల తరబడి వాడవలసినది. ఏడాదిన్నరకు మూత్రంలో ప్రోటీను ఆగింది. చదువు ఒక సంవత్సరం ఆలస్యమైనా పూర్తిచేసింది. జబ్బు కనీసం ఆరు నెలలు అణగి ఉన్న తరువాత, నిపుణుల పర్యవేక్షణలో లూపస్ స్త్రీలు బిడ్డలను కనవచ్చునని తల్లికి చెప్పినప్పుడు ఆమె నమ్మలేదు. మనుమడు పుట్టిన తరువాత నమ్మింది.

అయితే మధ్యలో ఒకటి జరిగింది. అంతకు ముందు అంతా దాచిన తల్లి ఇప్పుడు భయంతో మరో కొసకు వెళ్లింది. ఏ బాధా లేని పదహారేళ్ల చిన్న కూతురికి ఎవరికీ చెప్పకుండా ఎ.ఎన్.ఎ. చేయించింది. 1:80 పాజిటివ్. కాగితం పట్టుకొని ఏడుస్తూ వచ్చింది. అది జబ్బు కాదని, ఆరోగ్యవంతులలో ఎనిమిది మందికి ఒకరికి ఉండగలదని, బాధలు లేని బంధువులకు ఆ పరీక్షతో పనిలేదని నచ్చజెప్పడానికి గంట పట్టింది. నిజమే, రోగుల పాత రక్త నమూనాలను వెదికి పరీక్షించిన అమెరికా సైనిక అధ్యయనం 2003లో, ఈ యాంటీబాడీలు వ్యాధి బయటపడడానికి ఏళ్ల ముందే రక్తంలో ఉండగలవని చూపింది. కాని అది రోగుల రక్తంలో వెనుకకు వెదికిన లెక్క. పాజిటివ్ వచ్చిన ప్రతి పిల్లా రోగి అవుతుందని దాని అర్థం కాదు. ఏడాదికొక మూత్ర పరీక్ష చేయించండి, కీళ్లు వాచినా, ఎండకు ముఖం మండినా వెంటనే రండి, మిగతా రోజులు పిల్లను పిల్లలాగే ఉండనివ్వండి అని పంపించాను. ఆమెకు ఇప్పటివరకు ఏ జబ్బూ రాలేదు.

వెళ్లబోతూ ఆ తల్లి, "మా అన్నయ్యకు ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లకు చెప్పాలంటారా?" అని అడిగింది. చెప్పమన్నాను. ఆ రాత్రే విజయవాడకు ఫోను చేసి, చనిపోయిన చెల్లెలి జబ్బు పేరు అన్నగారికి మొదటిసారి చెప్పిందట. వాళ్ల పెద్దమ్మాయికి మూడు నెలలుగా ఒళ్లు నొప్పులు, జుట్టు రాలడం ఉన్నాయి. పెళ్లి చూపుల ముందు ఎందుకులెమ్మని ఎవరికీ చూపించలేదు. వారంలో పరీక్షలు చేయించారు. ఎ.ఎన్.ఎ. నెగటివ్, మూత్రం శుభ్రం. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నదని తేలింది. మాత్రలతో ఆరు నెలల్లో నొప్పులు తగ్గిపోయాయి.